చెరుకు తాగిన మడుగు

అనగనగా ఒక అడవిలో, ఎర్రమట్టి గుట్టల నడుమ, ఒక మడుగు ఉండేది. మడుగు చుట్టూ ఇప్పచెట్లు. ఆ చెట్ల కింద గుబురమ్మ అనే ఎలుగుబంటి తన పిల్లతో కాపురం ఉండేది. పిల్ల పేరు బొద్దు. పేరుకి తగ్గట్టే ఉండేవాడు.

గుబురమ్మ మంచిదే. ఒళ్లు వంచి పనిచేసే మనిషి, అదే, ఎలుగు. ఆమెకి ఉన్న బలహీనత ఒక్కటే. ఎవరైనా మెచ్చుకుంటే ఉబ్బిపోయేది. "గుబురమ్మ వదినంత పనిమంతురాలు ఈ అడవిలోనే లేదు" అని ఎవరన్నా అంటే చాలు, ఆ పూటకి ఆమెకి ఆకలి కూడా వేసేది కాదు.

ఒకసారి అడవి చివర బండిబాట మీద ఆమెకి ఒక చెరుకు ముక్క దొరికింది. ఏ బండిలోంచో జారి ఉంటుంది. తెచ్చి పాతింది. మొలిచింది. దాన్ని ముక్కలు చేసి మళ్లీ పాతింది. అలా పాతుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి పెద్ద తోట అయి కూర్చుంది. చెరుకుకి నీళ్లు కావాలి కదా. తోటేమో మడుగుకి దిగువన ఉంది. గుబురమ్మ తన గోళ్లతో గట్టు కోసి, మడుగు నుంచి తోట దాకా ఒక పిల్లకాలువ తవ్వింది. నీళ్లు వాటంతట అవే గలగలా పారి వెళ్లేవి.

ఇక చూడండి, రోజూ పొద్దున్నే ఆ తోట ముందు జాతరే. కుందేళ్లు వచ్చేవి, పందులు వచ్చేవి, ఉడతలు వచ్చేవి. అందరికంటే ముందు తోకయ్య వచ్చేవాడు. తోకయ్య అంటే కొండముచ్చు. అడవికి పెద్ద. తోక పొడుగు, మాట ఇంకా పొడుగు.

"ఇప్పపువ్వు ముసలాళ్ల తిండి. నోట్లో పళ్లున్నవాళ్లు చెరుకు నమలాలి" అనేవాడు. నమిలిన పిప్పి కూడా పారేసేవాడు కాదు. తీసుకెళ్లి తను కూర్చునే బండ మీద పరుచుకునేవాడు. మెత్తగా ఉంటుందట. ఆ పిప్పి మీద కూర్చునే తగువులు తీర్చేవాడు.

చెరుకు తిననిది ఒక్క కొండన్నే. కొండన్న అంటే ఏనుగు. గుబురమ్మకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. వరసకి మావా అని పిలిచేది.

"నువ్వు మాత్రం తోటలోకి రాకు మావా. నీ తొండం ఒక్కసారి తిప్పావంటే నా తోట నీ ఒక్క ముద్దకి చాలదు" అంది నవ్వుతూ.

"నాకెందుకే చెరుకు. వెదురాకు ఉంది కదా. పిల్లలకి పెట్టుకో" అన్నాడు కొండన్న. అతనికి కోపం రావడం ఎవరూ చూడలేదు.

ఎలుగుబంట్లలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్ల మొదటిసారి చెట్టెక్కిన రోజు తల్లి అడవి అందరి నోరూ తీపి చెయ్యాలి. దాన్ని చెట్టెక్కుడు పండగ అంటారు. బొద్దు ఈ ఎండాకాలం చెట్టెక్కాలి. గుబురమ్మ ఎప్పుడో అందరికీ చెప్పేసుకుంది. "మా వాడి పండక్కి తలా ఒక చెరుకు గడ పెడతాను. నిలువెత్తు గడ" అని. పండక్కి దాచిన లేత గడలకి ఇంకొన్నాళ్లు నీళ్లు పెడితే తీపి దిగుతుంది. ఆ రోజు కోసమే ఆమె ఎదురుచూపు.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి.

మడుగు దిగిపోతోందని మొదట కనిపెట్టింది అడ్డాలత్త. అడ్డాలు అనేది మడుగు గట్టున బొరియలో ఉండే ఎండ్రకాయ. పెద్దది కాబట్టి అందరూ అత్తా అనేవాళ్లు. బొరియ అడుగున చెమ్మ ఉంటేనే ఎండ్రకాయకి ఊపిరి ఆడుతుంది. నీళ్లు వెనక్కి పోతే ఆమె కూడా ఇల్లు మార్చి, కిందకి కొత్త బొరియ తవ్వుకోవాలి.

"ఏం బతుకమ్మా నాది. నిన్న సర్దుకున్న ఇల్లు ఇవాళ ఖాళీ చెయ్యాలి" అని గొణుక్కుంటూ మట్టి ఎత్తిపోస్తోంది.

"పోయినేడు కూడా మార్చావు కదత్తా" అంది గుబురమ్మ.

"పోయినేడు ఇప్పపువ్వు రాలేనాటికి రెండు ఇళ్లే మారాను. అదిగో చూడు, గట్టు మీద ఈ ఏటి నా పాత ఇళ్లు."

గుబురమ్మ చూసింది. గట్టు పొడుగునా పైనుంచి కిందకి వరసగా బొరియలు. మెట్లు కట్టినట్టున్నాయి. ఇప్పపువ్వు ఇంకా మొగ్గ మీదే ఉంది.

ఆ మాట తోకయ్య దాకా వెళ్లింది. అందరినీ బండ దగ్గరికి పిలిచాడు.

"ఎవరో ఎక్కువ తాగేస్తున్నారు. కొలుద్దాం" అన్నాడు. "అందరూ మోదుగాకు దొప్ప కుట్టుకోండి. దొప్పతోనే తాగాలి. ఒక దొప్ప తాగితే ఒక గులకరాయి మీ ముందు పెట్టుకోవాలి. సాయంత్రానికి ఎవరి కుప్ప ఎంతో చూద్దాం."

అందరికీ నచ్చింది. మర్నాడు మడుగు గట్టున పెళ్లి పందిట్లో లాగా దొప్పలే దొప్పలు. పొద్దు వాలేసరికి కుప్పలు చూశారు. ఉడత ముందు ఒక్క రాయి. కుందేలు ముందు గుప్పెడు. కొండన్న ముందు చిన్న గుట్ట. ఆ దొప్ప అతని తొండంలో ఎక్కడ పోయిందో కూడా తెలియలేదు, మళ్లీ మళ్లీ కుట్టుకోవాల్సి వచ్చింది పాపం.

గుబురమ్మ ముందు రెండే రాళ్లు. అంత పెద్ద ఒంటికి రెండే. రోజంతా చెరుకు రసం పీల్చేవాళ్లకి దాహం ఎక్కడిది మరి.

"చూసి నేర్చుకోండి. పొదుపంటే ఇదీ" అని తోకయ్య ఎర్రటి మోదుగపూల దండ తెచ్చి గుబురమ్మ మెడలో వేశాడు. తరవాత కొండన్న వైపు తిరిగాడు. "నువ్వు వానలు పడేదాకా గుట్టల అవతలికి వెళ్లాలి."

"సరేలెండి. నా నోరు పెద్దది, అది నిజమే కదా" అన్నాడు కొండన్న. బొద్దు వీపు మీద తొండంతో ఒకసారి నిమిరాడు. "నువ్వు చెట్టెక్కేటప్పుడు కొమ్మ చూసుకుని పట్టుకోరా" అని చెప్పి, గుట్టల వైపు నడిచాడు.

గుబురమ్మ నాలుగడుగులు వెనకే వెళ్లింది. మావా ఉండు అందామనుకుంది. ఈలోగా పందులొచ్చి, "దండ నీకు ఎంత బాగుందో వదినా" అన్నాయి. ఆమె దండ సర్దుకుంది. ఆ మాట అలాగే నోట్లో ఉండిపోయింది.

కొండన్న వెళ్లాడు. మడుగు మాత్రం ఆగలేదు. అడ్డాలత్త మళ్లీ ఇల్లు మార్చింది.

తోకయ్య మళ్లీ అందరినీ పిలిచాడు. ఈసారి దున్నన్న వంతు. దున్నన్న అంటే అడవిదున్న. మధ్యాహ్నమంతా మడుగులో పడుకుంటాడు.

"నేను తాగింది రాళ్లేసి చూపించాను కదా" అన్నాడు దున్నన్న.

"తాగింది సరే. బయటికొచ్చేటప్పుడు ఒంటికి ఎంత నీరు అంటించుకొస్తున్నావు. అది ఎవరి లెక్క?"

"ఒంటికి అంటినవి కూడా తాగినట్టేనా?"

"నీ కోసం మడుగులోంచి బయటికి వచ్చిందంటే నువ్వు తాగినట్టే" అన్నాడు తోకయ్య, పిప్పి మీద సర్దుకు కూర్చుంటూ. దున్నన్న కూడా గుట్టల దారి పట్టాడు.

మడుగు అప్పటికీ ఆగలేదు. గుబురమ్మ కాలువ మూతి దగ్గర ఇంకాస్త లోతు చేసుకుంది. నీళ్లు దిగినప్పుడల్లా అలా చేసుకోకపోతే తోటకి పారవు మరి. పక్కనే అడ్డాలత్త కొత్త బొరియ తవ్వుకుంటోంది. ఇద్దరూ ఒకళ్ల పక్కన ఒకళ్లు మట్టి తోడుకుంటూ కష్టసుఖాలు చెప్పుకున్నారు. ఇద్దరిలో ఎవరికీ ఏమీ తట్టలేదు.

మూడోసారి తోకయ్య చూపు చెమ్మక్క మీద పడింది. చెమ్మక్క అంటే కప్ప. మడుగులో ఆమెకి బోలెడన్ని పిల్లలు. అన్నీ ఇంకా తోకలతో ఈదుతున్న తోకకప్పలే.

"పగలూ రాత్రీ నీళ్లలోనే ఉంటారు. ఒక్క రాయి కూడా వెయ్యలేదు. చర్మంతో పీల్చేస్తున్నారేమో ఎవరు చూడొచ్చారు. మీరూ బయల్దేరండి" అన్నాడు.

చెమ్మక్క ఏడవలేదు. తెల్లబోయింది. "ఎలా బయల్దేరను తోకయ్య బాబాయ్? నా పిల్లలకి ఇంకా కాళ్లు రాలేదు."

ఒక కుందేలు తల వంచుకుని తన కాళ్ల వైపు చూసుకుంది.

"రేపు సాయంత్రం దాకా గడువు" అన్నాడు తోకయ్య, కాస్త గొంతు తగ్గించి.

మర్నాడు పొద్దున్న గుబురమ్మ తోటలో కలుపు తీస్తోంది. బొద్దు చెరుకు మొదళ్ల మధ్య ఆడుకుంటున్నాడు.

"అమ్మా, చెరుకులో చేప ఉంది" అన్నాడు.

"చెరుకులో చేపేంట్రా. తిక్క మాటలు నువ్వూనూ."

"తోక ఉంది. ఎగురుతోంది."

గుబురమ్మ వెళ్లి చూసింది. బురదలో నల్లగా, బొడిపెలా, చిన్న తోకకప్ప. కొంచెం తడిలో గిలగిలా కొట్టుకుంటోంది. గబగబా దొప్ప తెచ్చి, కాలువ నీళ్లు పట్టి, దాన్ని అందులో వేసింది. అది ఒకసారి తిరిగి, తోక ఆడించింది.

"ఇది చెమ్మక్క పిన్ని పిల్ల కదమ్మా. ఇక్కడికెలా వచ్చింది? కాళ్లు లేవు కదా."

"నీళ్లతో కొట్టుకొచ్చిందిరా" అంది గుబురమ్మ.

అని, ఆగిపోయింది.

తన నోట్లోంచి వచ్చిన మాట తనే మళ్లీ విన్నట్టు నిలబడింది. కాలువ వైపు చూసింది. నీళ్లు గలగలా వస్తున్నాయి. ఆ చప్పుడు ఎన్నాళ్లుగానో వింటోంది. పాటలా ఉంటుందనుకునేది. తోట వైపు చూసింది. నిలువెత్తు గడలు. నిన్న పారిన నీళ్ల జాడ కూడా లేదు, నేల అంతా పీల్చేసింది. మెడలో దండ చూసుకుంది. పూలు వాడిపోయాయి.

"చెరుకు తాగితే నేను తాగినట్టా?" అని లోపల్లోపలే అనుకుంది. దున్నన్నకి తోకయ్య ఏం చెప్పాడో వెంటనే గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆమెకి రెండు దారులు. తోకకప్పని గుట్టుగా మడుగులో వదిలేసి ఊరుకోవచ్చు. చెరుకు తీపెక్కుతుంది, పండగ ఘనంగా జరుగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. లేదా వెళ్లి చెప్పొచ్చు. చెబితే కాలువ కట్టెయ్యాలి. తోట ఎండిపోతుంది. అందరి ముందూ తలా ఒక గడ అన్న మాట పోతుంది.

దొప్పలో తోకకప్ప ఇంకో చుట్టు తిరిగింది. గుబురమ్మ దొప్ప రెండు చేతులా పట్టుకుని అందరూ చేరి ఉన్న బండ దగ్గరికి నడిచింది. బొద్దు వెనకే పరిగెత్తాడు.

చెమ్మక్క పిల్లని చూసి దొప్పలోకే దూకబోయింది. గుబురమ్మ దొప్ప ఆమెకిచ్చి, మెడలో దండ తీసి బండ మీద పెట్టింది.

"ఈ దండ నాది కాదు. మడుగు నేనే తాగాను. మావని వెళ్లగొడుతుంటే నోరు మూసుకుని చూశాను" అంది.

"నీవి రెండే రాళ్లు కదమ్మా" అన్నాడు తోకయ్య.

"నా నోటి రాళ్లు వేశాను. నా చెరుకు రాళ్లు వెయ్యలేదు."

అడ్డాలత్త పక్కకి పక్కకి నడుచుకుంటూ ముందుకి వచ్చింది. "అయితే చెరుక్కి కూడా దొప్ప పెడదాం. అదీ మనలాంటిదే కదా, తాగుతుంది" అంది.

కాలువ మూతి దగ్గర గుబురమ్మ దొప్ప పట్టింది. నిండగానే తోటలోకి వంపింది. ఉడత ఒక రాయి వేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ వంపింది. కాసేపటికి ఉడత ఒక్కతే చాలక కుందేళ్లు రాళ్లు మోశాయి. కుందేళ్లు అలిసిపోతే పందులు మోశాయి. పొద్దు నడినెత్తికి రాకుండానే చెరుకు ముందున్న కుప్ప, ఆనాటి కొండన్న కుప్పని మించిపోయి పక్కకి జారింది. గుబురమ్మ చేతులు లాగుతున్నాయి. కాలువ ఇంకా పారుతూనే ఉంది.

"చాల్లే అమ్మా, తెలిసింది" అంది అడ్డాలత్త. "అన్ని ఇళ్లు నాచేత ఎవరు మార్పించారో ఇప్పుడు తెలిసింది."

"చూశారా, ఎంత పని చేసిందో. ఆ రాళ్లన్నీ గుబురమ్మ ముందు పొయ్యండి" అన్నాడు తోకయ్య.

గుబురమ్మ తల వంచుకుంది. ఉడత మాత్రం ఊరుకోలేదు. "మరి చెరుకంతా వదిన ఒక్కతే తిందా బాబాయ్? ఎవరు తిన్న చెరుకు నీళ్లు వాళ్లవే కదా?"

"ఎవరెంత తిన్నారో ఇప్పుడెవరికి తెలుసు?" అన్నాడు తోకయ్య.

"పిప్పికి తెలుసు" అంది అడ్డాలత్త.

అందరూ ఒకేసారి తోకయ్య కూర్చున్న చోటు చూశారు. మెత్తని పిప్పి పరుపు. మోకాలెత్తు ఉంది. తోకయ్య మెల్లగా తోకతో దాన్ని కప్పబోయాడు. అంత పొడుగు తోక కూడా చాలలేదు. ముందు ఉడత కిసుక్కుమంది. తరవాత కుందేళ్లు. చెమ్మక్క అయితే నవ్వీ నవ్వీ దొప్ప ఒలకబోసుకోబోయింది. చివరికి తోకయ్యకే నవ్వొచ్చింది.

"సరే, లెగుస్తాను. ఈ కుప్పలో పెద్ద వాటా నాదే" అని పిప్పి మీంచి లేచి, మామూలు బండ మీద కూర్చున్నాడు. ఎండకి బండ చురుక్కుమంది కాబోలు, మళ్లీ లేచాడు.

కుందేళ్ల వాటా కుందేళ్లు తీసుకున్నాయి. పందుల వాటా పందులు. ఉడత కూడా తన ముందు కొన్ని రాళ్లు చేర్చుకుంది. కొండన్న పేరున మాత్రం ఒక్క చెరుకు రాయి కూడా కలవలేదు.

గుబురమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. తన గోళ్లతో తవ్విన కాలువని తన గోళ్లతోనే పూడ్చింది. గలగల ఆగిపోయింది. కొంచెం కళ్లు చెమ్మగిల్లాయి, అంతే. అక్కడి నుంచి తిన్నగా గుట్టల అవతలికి వెళ్లింది.

కొండన్న, దున్నన్న ఒక చింతచెట్టు కింద కూర్చుని ఉన్నారు.

"మావా, తప్పయిపోయింది. ఇంటికి రా" అంది.

"వస్తానులే. నాకూ ఇక్కడ తోచడం లేదు. వీడు పడుకుంటే గురక" అన్నాడు కొండన్న దున్నన్నని చూపించి.

"నీ కడుపులో చప్పుడు కంటే నయమే" అన్నాడు దున్నన్న. ముగ్గురూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

కొండన్న వచ్చీ రాగానే మడుగు పక్కన ఎండిన వాగులోకి దిగాడు. ఇసకలో కాలితో తన్ని, తొండంతో తోడి, ఒక చెలమ తీశాడు. అడుగు నుంచి తేటనీళ్లు ఊరాయి. ఏటా ఎండాకాలం అతనే తీసేవాడు. అందరూ అక్కడ తాగేవాళ్లు, మడుగు మీద బరువు తగ్గేది. ఈ ఏడు అది తీసేవాణ్ణే వెళ్లగొట్టారు. ఎవరెంత తాగారని చూశారు కానీ, ఎవరు ఎంత ఇచ్చారని ఎవరూ కొలవలేదు.

అడ్డాలత్త ఆ తరవాత ఇల్లు మారలేదు. మెట్ల వరస అక్కడితో ఆగింది.

తోట ఎండిపోయింది. బొద్దు చెట్టెక్కే రోజు మాత్రం వచ్చేసింది. గుబురమ్మ ముందురోజంతా దిగులుగానే ఉంది. "తలా ఒక గడ అన్నాను. ఇప్పుడు అందరి నోట్లో ఏం పెట్టను?" అని.

తెల్లవారింది. అడవంతా మడుగు గట్టున చేరింది. బొద్దు ఇప్పచెట్టు మొదలు పట్టుకున్నాడు. జారాడు. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారి, చెట్టు మొదట్లోనే కూలబడ్డాడు. "కొమ్మ చూసుకోరా" అన్నాడు కొండన్న. మూడోసారి బొద్దు కాళ్లూ చేతులూ చుట్టేసి, గుర్రుగుర్రుమంటూ పాకి, మొదటి కొమ్మ మీదికి ఎక్కి కూర్చున్నాడు. ఆ బరువుకి కొమ్మ ఊగింది.

జలజలా ఇప్పపూలు రాలాయి.

తెల్లగా, లావుగా, తేనె నిండిన పూలు. తోకయ్య నెత్తి మీద, దున్నన్న కొమ్ముల మీద, గుబురమ్మ చేతుల్లో. కుందేలు ఒకటి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. "అబ్బ, ఎన్నాళ్లయిందో ఇది తిని" అంది.

"ఇంకోసారి ఊపరా బొద్దూ" అన్నాయి పందులు. బొద్దు ఊపాడు. ఇక చూసుకోండి, ఏరుకునేవాళ్లు ఏరుకున్నారు, నోరు తెరుచుకు నిలబడ్డవాళ్లు నిలబడే తిన్నారు.

"ఇందులో ఎన్ని దొప్పలుంటాయంటావు?" అంది ఉడత, ఒక పువ్వు పట్టుకుని.

"మడుగు నీళ్లయితే ఒక్క చుక్క కూడా లేదు. ఈ చెట్టు కోసం ఎవరూ మడుగులోంచి తేలేదు. పోయిన వానలే నేలలో దాచుకుని తాగింది" అంది అడ్డాలత్త.

"నేనిది ముసలాళ్ల తిండి అన్నానా?" అన్నాడు తోకయ్య నోటి నిండా పూలతో.

"అన్నావు బాబాయ్."

"అయితే నేను ముసలాణ్ణే. ఇంకో గుప్పెడు పెట్టు."

అంతలో మడుగులోంచి ఏదో టపీమని ఎగిరి గుబురమ్మ ముక్కు మీద పడింది. చూస్తే బుల్లి కప్ప. తోక పోయి, నాలుగు కాళ్లు వచ్చేశాయి.

"వదినా, ఇది ఆ చెరుకులో దొరికిందే. నీ దొప్పలో తిరిగిందే" అంది చెమ్మక్క మురిసిపోతూ.

ఆ పూట గుబురమ్మని ఎవరూ మెచ్చుకోలేదు. అందరి నోళ్లూ పూలతో నిండి ఉన్నాయి మరి. ఆమెకి మాత్రం ఆ రోజు బాగా ఆకలేసింది. కొండన్న పక్కన కూర్చుని కడుపునిండా తింది.

ఆ ఏడు వానలు పడేదాకా మడుగులో నీళ్లు నిలిచాయి. మొదటి వానకి అడ్డాలత్త గొణుక్కుంటూ మళ్లీ ఇల్లు మార్చింది, ఈసారి పైకి. గుబురమ్మ ఇప్పుడు వానాకాలంలో వాన నీళ్లకి ఎంత చెరుకు వస్తే అంతే వేస్తుంది. ఆ అడవి పిల్లలు మాత్రం ఏది తింటున్నా ముందు చేతిలో పట్టుకుని, "దీన్లో ఎన్ని దొప్పలు?" అని ఆడుకుంటూనే ఉన్నారు.

నీతి: నోటితో తాగినవే కాదు, మనం తినే తిండి తాగిన నీళ్లు కూడా మన లెక్కలోవే. ఎదుటివాళ్ల దొప్ప కొలిచే ముందు మన దొప్ప పూర్తిగా కొలుచుకోవాలి.